టేబుల్ లాంపు: పలమనేరు మట్టి స్టాండు, కలంకారీ షేడు. నమూనా ముందరుంది, తంటాలు నాలుగున్నాయి

తిరుచానూరు_డిజైన్
హాల్లో సోఫా పక్కన స్టూలు మీద పెట్టుకునే లాంపు. మొదటి విడతలో 40 చేయాలని ఆలోచన. స్టాండు పలమనేరు టెర్రకోట, కూజా ఆకారం, ఎత్తు 26 సెం.మీ., అడుగు వ్యాసం 12 సెం.మీ., బరువు 900 గ్రాములు. అడుగున మూడు రబ్బరు బుడిపెలు. షేడు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, కింద వ్యాసం 35, పైన 20, ఎత్తు 25 సెం.మీ. షేడు, హోల్డరు, బల్బు కలిపి 470 గ్రాములు. ఈ27 (బల్బు మర తిప్పి బిగించే) హోల్డరు, 9 వాట్ల ఎల్‌ఈడీ, వైరు 2 మీటర్లు, హోల్డరు పక్క నుంచే బయటికొస్తుంది, రెండు పిన్నుల ప్లగ్గు.

సమస్యలు: వైరు కాలికి తగిలితే చాలు, పడిపోతుంది. లైటు వేస్తే గుడ్డ మీది బొమ్మ మసి పూసినట్టు నల్లబడుతుంది. ఇన్వర్టర్ మీద గుయ్యిమంటుంది. సోఫాలో కూర్చుని చదవడానికి వెలుగు చాలదు, చాప మీద పడుకున్నవాళ్ళకేమో కళ్ళలో కొడుతుంది.

ఆకారం చూసినవాళ్ళందరికీ నచ్చింది. దాన్ని మార్చకుండా దారేమైనా ఉందా?

అలిపిరి_అరుగు
పడిపోయేది, గుయ్యిమనేది, కళ్ళలో కొట్టేది... ఆకారం ఒక్కటే బాగుండాదా. పెళ్ళి సంబంధం చూసినట్టుండాది సామీ.

వెలుతురు_లెక్క
పడిపోవడం సంగతి ముందు తేలుద్దాం.

స్టాండు బరువు కేంద్రం దాదాపు 13 సెం.మీ. ఎత్తున, షేడుది 40 దగ్గర ఉంటాయి. రెంటినీ కలిపితే మొత్తం లాంపు బరువు కేంద్రం 22.3 సెం.మీ. అడుగు వ్యాసార్ధం 6 కాబట్టి 15 డిగ్రీల దాకా ఒరిగినా పడదని అనుకుంటాం. కానీ నిలబడింది అంచు మీద కాదు, మూడు బుడిపెల మీద. బుడిపెలు మధ్య నుంచి 5.5 సెం.మీ. దూరంలో ఉంటే, రెండు బుడిపెల్ని కలిపే గీత మధ్యకు 2.75 సెం.మీ. దూరంలోనే పోతుంది. అటువైపు ఒరిగితే 7 డిగ్రీలకే బోర్లా పడుతుంది. టేబుల్ లాంపులకు ప్రమాణాల్లో అడిగేది 6 డిగ్రీల వాలు మీద పడకుండా నిలవడం. అంటే పరీక్ష పాసవుతుంది, ఇంట్లో ఫెయిలవుతుంది.

మూడు కాళ్ళ సుగుణం ఒక్కటే, ఎగుడుదిగుడు నేల మీద కూడా టకటకలాడదు. టేబుల్ లాంపుకి అది చాలదు.

వెలుతురు_లెక్క
ఇంకోటి. వైరు 30 సెం.మీ. ఎత్తు నుంచి బయటికొస్తోంది. అక్కడ అడ్డంగా లాగితే 125 గ్రాముల బలం చాలు లాంపు పడటానికి. బత్తాయి పండు బరువు కూడా కాదు. వైరు అడుగు నుంచి రావాలి, ఎంత కింద నుంచి వస్తే అంత మంచిది.

కరకంబాడి_ఎలక్ట్రికల్
పైన లెక్కంతా సరే. అసలు వైరు కాలికెందుకు తగులుతా ఉంది? అది అడగండి ముందు.

మన ఇళ్ళల్లో స్విచ్ బోర్డు నేల నుంచి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటాది. లాంపు ప్లగ్గు అక్కడే పెట్టాల. బోర్డు నుంచి నేలకి 1.3 మీటర్లు, గోడెంబడి కనీసం 1 మీటరు, మళ్ళా స్టూలు పైకి అర మీటరు. 2.8 అయింది. మీది 2 మీటర్లు. అందుకే బోర్డు నుంచి లాంపు దాకా గాల్లో తాడు కట్టినట్టు వేలాడతా ఉంటాది. పోయేవాడి కాలికి, పిల్లోళ్ళ చేతికి తగలక ఏమైతుంది? 3 మీటర్లు పెట్టండి, నేల మీద పడుంటాది. సగం పడిపోవడాలు ఆడికే ఆగిపోతాయి.

విదేశీ లాంపుల బొమ్మలు చూసి కొలతలు తీసుకుంటే ఇదే గోల. ఆడ ప్లగ్గు సాకెట్టు నేల దగ్గర ఉంటాది, దీపానికి 1.8 మీటర్లు చాలు.

తిరుచానూరు_డిజైన్
బోర్డు ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు, నిజమే. 3 మీటర్ల వైరు చుట్టలు పడి అసహ్యంగా ఉండదా?

కరకంబాడి_ఎలక్ట్రికల్
అడుగు నుంచి 40 సెం.మీ. దగ్గర వైరు మీద స్విచ్ పెట్టండి. మిగిలిన వైరు సోఫా వెనకాలకి పోతాది, ఎవురూ చూడరు. స్విచ్ లేకపోతే లైటు ఆర్పడానికి లేచి బోర్డు దాకా పోవాల, టేబుల్ లాంపు అన్న మాటకే అర్థం లేదు.

ఏర్పేడు_చెక్క
మట్టి స్టాండు తీసేసి చెక్క పెట్టండి. మా పక్క మాధవమాలలో లేత్ మీద తిప్పిచ్చే పనివాళ్ళు ఉన్నారు. పగలదు, మరమ్మతు సులభం, బరువు కావాలంటే లావుగా తిప్పించుకోవచ్చు.

అలిపిరి_అరుగు
ఎర్రచందనంతో తిప్పిస్తే ఇంకా బరువు. నీళ్ళలో వేస్తే మునిగిపోతాది, అంత బరువు.

ఏర్పేడు_చెక్క
ఫారెస్టు వాళ్ళొచ్చి ముందు నిన్ను ఎత్తుకుపోతారు, తర్వాత లాంపుని. జోకులకి కూడా ఆ చెక్క పేరెత్తొద్దప్పా. పర్మిట్టు లేకుండా ముక్క దగ్గరుంటే కేసే. టేకు, వేప, మామిడి చాలు. మామిడి చవక గాని ఎండబెట్టకుండా తిప్పితే మూడు నెలల్లో నిలువునా చీలుతుంది. తేమ 12 శాతానికి దిగినాకే లేత్ ఎక్కించాలి. వైరు రంధ్రం 10 మి.మీ. బిట్టుతో పైనుంచి సగం, కింద నుంచి సగం వేస్తారు. ఒకే పక్క నుంచి దించితే బిట్టు పక్కకి పోయి గోడ పలచబడుతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది.

తిరుచానూరు_డిజైన్
మట్టి మార్చను. లాంపు గుర్తింపే అది.

వెలుతురు_లెక్క
మార్చక్కర్లేదు. కుప్పం వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో తుంపులు పడి ఉంటాయి. 18 మి.మీ. మందం, 15 సెం.మీ. వ్యాసంలో బిళ్ళ కోయించండి. సుమారు 860 గ్రాములు తూగుతుంది. కూజా దాని మీద కూర్చుంటుంది. బరువు కేంద్రం 22.3 నుంచి 15.1 సెం.మీ.కి దిగుతుంది. బుడిపెలు తీసేసి బిళ్ళ అడుగున అంచుకు 5 మి.మీ. లోపలగా కార్కు రింగు మొత్తం అంటించండి. ఇప్పుడు పడటానికి దాదాపు 25 డిగ్రీలు ఒరగాలి. వైరు బిళ్ళ పై అంచు దగ్గర బయటికొస్తే, లాగినప్పుడు లాంపు జారుతుంది గాని బోర్లా పడదు.

ఇటలీ డిజైనర్లు కాస్టిల్యోని అన్నదమ్ములు 1962లో చేసిన ఆర్కో లాంపుకి పాలరాయి దిమ్మ 65 కిలోల దాకా ఉంటుంది. దీపం గది మధ్యకు వంగి వేలాడుతుంది కాబట్టి అంత బరువు కావాలి. ఆ దిమ్మకు అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. చీపురు కర్ర దూర్చి ఇద్దరు ఎత్తడానికి. అలంకారమనుకుంటారు చాలామంది.

పలమనేరు_మట్టి
గ్రానైటు మంచిదే, కాకపోతే కూజాకీ బిళ్ళకీ మధ్య మెత్తటిది ఏదైనా ఉండాలి. మధ్యలో గొట్టం వేసి నట్టు బిగిస్తారు కదా, టెర్రకోట నొక్కుడికి ఓర్చుకుంటుంది, లాగుడికి వంగుడికి ఓర్చుకోదు. అడుగు ఏ కొంచెం వంకరగా ఉన్నా నట్టు బిగించేసరికి టక్ అని చీలుతుంది. 2 మి.మీ. రబ్బరు వాషరు కింద, పైన. చేత్తో బిగిసినంత బిగించి, తర్వాత స్పానరుతో పావు చుట్టు. అంతే.

కొలతల విషయం కూడా చెప్పాలి. తడి మట్టి ఆరి, కాలి వచ్చేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. ఈ27 హోల్డరు కూర్చోవడానికి 40 మి.మీ. రంధ్రం కావాలంటే తడిలో 44.5 వెయ్యాలి. మట్టి మట్టికీ తేడా ఉంటుంది, అందుకని కుమ్మరికి కాలిన తర్వాత కొలత చెప్పి, పొడవు 100 మి.మీ. గీత గీసిన పట్టీ ఒకటి అదే మట్టితో చేయించి కాల్పించండి. గీత ఎంతకొస్తే అదే మీ లెక్క.

వైరు రంధ్రం పచ్చి మీద, తోలులా గట్టిపడినప్పుడు వేసెయ్యాలి. కాలినాక డ్రిల్లు పెడితే లోపలి పక్క పెచ్చు లేస్తుంది. రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది, రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా వైరు పెట్టొద్దు.

కార్వేటినగరం_కుర్రోడు
మట్టి మీద తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తుంది కదన్నా, అదేంది?

పలమనేరు_మట్టి
మట్టిలో, కలిపిన నీళ్ళలో ఉన్న లవణాలు. తేమ బయటికొచ్చి ఆరినప్పుడు పైన మిగిలిపోతాయి. కాల్చిన స్టాండు రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, బాగా ఎండబెట్టి, అప్పుడు పైన తేనె మైనం పల్చగా రుద్దాలి. వార్నిష్ కొడితే మెరుపొచ్చి మట్టి అందం పోతుంది, పైగా లోపల తేమ ఉంటే పొర పొంగుతుంది. తడి గుడ్డతో ఇల్లు తుడిచేటప్పుడు అడుగు తడుస్తూనే ఉంటుంది. గ్రానైటు బిళ్ళ పెడితే ఆ బాధ కూడా తప్పుతుంది.

కలం_కుంచె
గుడ్డ నల్లబడటం గురించి ఎవరూ మాట్లాడలేదు.

కొన్న గుడ్డని ముందు కిటికీకి అడ్డం పట్టి చూడండి. కలంతో గీసి, కరక్కాయ, పాలు పట్టించి, పటిక మీద రంగెక్కించిన గుడ్డలో రంగు నూలు లోపలికి ఇంకి ఉంటుంది. వెలుగు దాన్ని దాటుకుని వస్తుంది, ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది. బజారులో కలంకారీ అని అమ్మే స్క్రీన్ ప్రింటులో రంగు గుడ్డ మీద పొరగా కూర్చుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే రెండూ ఒకటే. వెనక దీపం పెడితే పొర వెలుగుని ఆపేస్తుంది, బొమ్మంతా మచ్చ. మీది మసిలా ఉందంటే నా అనుమానం అదే.

అసలు గుడ్డే అయితే ఇంకో కారణం ఉండొచ్చు. నల్ల గీత బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నీళ్ళతో వేస్తాం. అది కరక్కాయతో కలిసి చిక్కటి నలుపవుతుంది, వెలుగుకి కూడా నలుపే. చీరకి వేసినట్టు నేపథ్యమంతా గీతలతో నింపేస్తే షేడు మీద చీకటే మిగులుతుంది. షేడు కోసం గీయించేటప్పుడు సగానికి పైగా నేల ఖాళీ వదిలెయ్యమని చెప్పండి. బొమ్మ పెద్దది, తక్కువ గీతలు. ఒక చెట్టు, రెండు చిలకలు చాలు. పురాణ కథంతా 25 సెం.మీ.లో పట్టదు.

తిరుచానూరు_డిజైన్
కిటికీ దగ్గర పట్టి చూశాను. పొరే. వెనక పక్క దాదాపు తెల్లగా ఉంది.

కలం_కుంచె
అయితే తేలిపోయింది. వెనక కూడా రంగు కనిపించాలి.

ఆకారమే_అమ్ముతుంది
చేత్తో గీసిన గుడ్డ వేస్తే లాంపు ధర ఎక్కడికి పోతుంది? కొనేవాళ్ళు లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) అడగరు, వాలు డిగ్రీలు అడగరు. షాపులో చూస్తారు, ఫోటో బాగుంటే తీసుకుంటారు. ఇదంతా ఎక్కువ ఆలోచన.

వెలుతురు_లెక్క
ఫోటో పగలు తీస్తారు. ఇంట్లో వాడేది రాత్రి. వెలగని లాంపు బొమ్మ, వెలిగిన లాంపు వస్తువు. రెండూ గీయాలి, ఆర్పినప్పుడు ఒకసారి, వెలిగించినప్పుడు ఒకసారి.

కలం_కుంచె
ధర తగ్గించాలంటే షేడంతా గీయించక్కర్లేదు. కింద 8 సెం.మీ. పట్టీ గీయించి మిగతాది కరక్కాయ పట్టించిన ఉత్త గుడ్డ వదిలెయ్యొచ్చు. ఆ లేత పసుపు రంగే వెలుగులో చాలా బాగుంటుంది. అన్నట్టు ఆ పసుపు వెలుగుని ఇంకా పచ్చగా చేస్తుంది. 2700 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) బల్బు పెడితే గది ఆవకాయ రంగుకొస్తుంది. 3000 పెట్టండి.

కరకంబాడి_ఎలక్ట్రికల్
మా దగ్గర కొనేవాళ్ళు 6500 తెల్లది తప్ప ముట్టుకోరు అక్కా. పచ్చ లైటంటే కరెంటు తక్కువొచ్చింది అనుకుంటారు.

కలం_కుంచె
6500 కింద మంజిష్ఠ ఎరుపు ఇటుక పొడిలా ఉంటుంది. తెల్లదే కావాలంటే 4000 దాకా పర్వాలేదు, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఉన్నది తీసుకుంటే ఎరుపు బతుకుతుంది. ఇంకో మాట, సహజ రంగులు ఎండకి వెలిసిపోతాయి. ఎల్‌ఈడీలో అతినీలలోహిత కిరణాలు లేనట్టే గనక బల్బు వల్ల భయం తక్కువ. కిటికీ పక్కన పెట్టొద్దని కాగితం మీద రాసి డబ్బాలో వెయ్యండి.

కార్వేటినగరం_కుర్రోడు
కోసు (పైకి సన్నబడే) షేడుకి గుడ్డ ఎట్ల కత్తిరించాలి? చుట్టూ కట్ చేస్తే ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ వస్తా ఉంది.

వెలుతురు_లెక్క
అది విసనకర్ర ఆకారంలో కత్తిరించాలి. కింద 35, పైన 20, ఎత్తు 25 అయితే: వ్యాసాల తేడాలో సగం 7.5. వాలు పొడవు 26.1 సెం.మీ. (25, 7.5ల వర్గాలు కలిపి వర్గమూలం). పెద్ద వ్యాసార్ధం = 26.1 × 35 ÷ 15 = 60.9. చిన్నది = 60.9 − 26.1 = 34.8. కోణం = 360 × 17.5 ÷ 60.9 = 103.4 డిగ్రీలు. ఒకే మధ్య బిందువు నుంచి 60.9తో, 34.8తో రెండు చాపాలు గీసి 103.4 డిగ్రీలు కోయండి. అతుకు కోసం ఒక పక్క 12 మి.మీ. ఎక్కువ వదలండి.

ముందు షేడు పీవీసీ షీటు ఈ కొలతకి కోసి, జిగురు పక్క మీద గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకు రుద్దుతూ అంటించాలి. గుడ్డ అంచులు 15 మి.మీ. ఎక్కువ ఉంచి రింగు మీదుగా లోపలికి మడవాలి. అతుకు దగ్గర రెండు పొరలు కాబట్టి వెలిగినప్పుడు నిలువు నల్ల గీత కనిపిస్తుంది. అది తప్పదు, వైరు బయటికొచ్చే వెనక వైపుకి పెట్టండి, లాంపుకి వీపు ఏదో తెలుస్తుంది.

40 చేస్తున్నారు కాబట్టి 6 మి.మీ. చెక్కపొడి పలక ఎండీఎఫ్‌తో అచ్చు ఒకటి కోయించుకోండి. ప్రతిసారీ కంపాసు పెట్టుకుంటే 40 షేడులు 40 రకాలుగా వస్తాయి.

ఆకారమే_అమ్ముతుంది
గుండ్రటి డ్రమ్ము షేడు పెడితే ఈ త్రికోణమితి తప్పుతుంది. 30 సెం.మీ. వ్యాసానికి 94.2, అతుకు 1.5, ఒక దీర్ఘచతురస్రం. ఇప్పుడు అందరూ డ్రమ్మే కొంటున్నారు.

వెలుతురు_లెక్క
కోయడం సులభమే. కానీ డ్రమ్ములు ఒకదాంట్లో ఒకటి దూరవు, 10 షేడులకి 10 డబ్బాలు. కోసు షేడులు టీ గ్లాసుల్లా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. తిరుపతి నుంచి బెంగళూరుకో చెన్నైకో పంపేటప్పుడు పార్సిలు వాళ్ళు బరువుతో పాటు డబ్బా సైజు చూసి కూడా లెక్క కడతారు.

ఆకారమే_అమ్ముతుంది
ఇది ఒప్పుకుంటా.

కరకంబాడి_ఎలక్ట్రికల్
గుయ్యిమనే సంగతికి వస్తే. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయుంటాది. చవక బల్బుల్లో డ్రైవరు (కరెంటుని సరిచేసి ఇచ్చే సర్క్యూటు) బదులు ఒక కెపాసిటరుతో ఓల్టేజి దించేస్తారు. స్క్వేర్ వేవు అంచు నిటారుగా లేస్తాది కదా, లేచిన ప్రతిసారీ కెపాసిటరులోకి కరెంటు దూకుతాది. ఆ దూకుడే చప్పుడు. బల్బు తొందరగా పోతాది కూడా. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ తక్కువ, కానీ కొనేవాడి ఇంట్లో ఏది ఉంటాదో మీకు తెలీదు. కాబట్టి మంచి డ్రైవరున్న, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బల్బు మీరే డబ్బాలో వేసి ఇవ్వండి. మీ షేడు మట్టి కూజా మీద ఉండాది, చప్పుడు ఖాళీ కూజాలో ఇంకా పెద్దగా వినిపిస్తాది.

డిమ్మర్ పెట్టాలనుకుంటే డిమ్మబుల్ అని రాసిన బల్బే వేయాల. ఫ్యాను రెగ్యులేటరుకి మామూలు ఎల్‌ఈడీ తగిలిస్తే మిణుకుమిణుకు.

కరకంబాడి_ఎలక్ట్రికల్
ఆ రెండు పిన్నుల ప్లగ్గు మాత్రం మానేయండి. రెండు పిన్నులది ఎట్లైనా దూరుతాది, ఫేజు ఏ పక్క పోతాదో చెప్పలేం. ఈ27లో బయటి మర చుట్టుకి ఫేజు వస్తే, బల్బు తిప్పేటప్పుడు వేలు తగిలితే షాకే. మూడు పిన్నులు, మూడు కోర్ల వైరు, ఫేజు మధ్య కాంటాక్టుకి, న్యూట్రల్ మరకి. గొట్టం లోహమే కదా, దానికి ఎర్తు కట్టాల. స్విచ్ ఫేజు మీద ఉండాల, న్యూట్రల్ మీద పెడితే ఆర్పినాక కూడా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతా ఉంటాది.

ఏర్పేడు_చెక్క
బీ22 (బల్బు నొక్కి తిప్పే పిన్నుల) హోల్డరు పెడితే మర గోలే లేదు కదా. రెండు కాంటాక్టులూ లోపల అడుగున ఉంటాయి. మన ఊళ్ళో ఏ కిరాణా కొట్టులో అడిగినా బీ22 బల్బే దొరుకుతుంది.

కరకంబాడి_ఎలక్ట్రికల్
ఆ మాట నిజం. కాకపోతే బీ22లో స్ప్రింగులు వదులైతే బల్బు ఊగతాది, షేడు రింగులు కూడా ఈ27కి దొరికినన్ని దొరకవు. మూడు పిన్నులు పెట్టేటట్టయితే ఈ27 తప్పేం కాదు. ఏది పెట్టినా వైరు లాగితే హోల్డరు స్క్రూల మీద బరువు పడకూడదు. గొట్టంలోకి పోయే ముందు వైరుని పట్టి ఉంచే కార్డు గ్రిప్పు ఒకటి పెట్టండి. ముడేసి వదిలేస్తారు కొందరు, ముడి దగ్గర రాగి పోగులు విరిగి వేడెక్కుతాయి. వైరు 0.75 చదరపు మి.మీ., ఐఎస్‌ఐ గుర్తుది. గుడ్డ అల్లిన వైరు అందంగా ఉంటాది, లోపల పీవీసీ తొడుగు ఉండాదా అని కోసి చూసుకోండి.

తిరుచానూరు_డిజైన్
12 ఓల్టుల స్ట్రిప్పు లోపల పెట్టేస్తే ఈ షాకు భయాలన్నీ పోవా? అడాప్టరు గోడకే ఉంటుంది.

వెలుతురు_లెక్క
పోతాయి, గుడ్డ కూడా బల్బుకి దగ్గర పెట్టుకోవచ్చు. కానీ ఎల్‌ఈడీ చచ్చిపోతే కొనేవాడు లాంపంతా పారేస్తాడు, లేదా మీకు ఫోను చేస్తాడు. బల్బయితే పక్క కొట్టుకి పోతాడు. 40 లాంపుల వ్యాపారానికి సర్వీసు సెంటరు ఉండదు, హోల్డరే మేలు.

వేడి మాత్రం పట్టించుకోవాలి. 9 వాట్లలో సగానికి మించి వేడిగానే పోతుంది. బల్బు మెడ దగ్గర, డ్రైవరు ఉన్నచోట, చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుందని లెక్క. మే నెలలో తిరుపతి గదిలో ఎలాగూ 35 దాటుతుంది. షేడు పైనా కిందా తెరిచి ఉంచండి, బల్బుకీ గుడ్డకీ 5 సెం.మీ. తగ్గకుండా చూడండి. పైన మూత పెట్టి అందంగా చేద్దామనుకుంటే బల్బు లోపల ఉడుకుతుంది.

అలిపిరి_అరుగు
మూత లేకపోతే వానాకాలం ఉసిళ్ళన్నీ షేడులో బ్రహ్మోత్సవం చేసుకుంటాయి. పొద్దున్నే రెక్కలు ఎత్తిపోసుకోవాల.

వెలుతురు_లెక్క
కిందా తెరిచి ఉంటే రాలి స్టూలు మీద పడతాయి, తుడిస్తే పోతాయి. మూసిన షేడులోనే అసలు కష్టం, చచ్చిన పురుగులు అడుగున నీడలా కనిపిస్తాయి. తెల్ల లైటు కన్నా పచ్చ లైటుకి పురుగులు తక్కువ వస్తాయి, 3000 కెల్విన్‌కి అదొక లాభం.

ఇక చాప మీద పడుకున్నవాళ్ళ సంగతి. స్టూలు 50 సెం.మీ. అనుకుంటే షేడు కింది అంచు నేల నుంచి 78 దగ్గర ఉంది. బల్బు వెలిగే భాగం అంచుకి 8 సెం.మీ. పైన మొదలవుతుంది. షేడు వ్యాసార్ధం 17.5. మీటరు దూరంలో ఉన్నవాళ్ళ కన్ను నేల నుంచి 40 సెం.మీ. కన్నా కిందుంటే బల్బు నేరుగా కనిపిస్తుంది. బాసింపట్టు వేసుకు కూర్చున్నవాళ్ళ కన్ను 70 పైనే ఉంటుంది, వాళ్ళకి ఇబ్బంది లేదు. పడుకుంటే 15, 20. అందుకే కొడుతోంది.

హోల్డరుని 4 సెం.మీ. పైకి లేపితే ఆ 40 కాస్తా 20కి దిగుతుంది. గొట్టం అంత పొడవు పెట్టండి, షేడుని కదపొద్దు. పూర్తిగా దాచాలంటే షేడు లోపల, కింది అంచుకి 3 సెం.మీ. పైన, వెడల్పు 4 సెం.మీ. ఉండే తెల్ల రేకు రింగు ఒకటి. మధ్య తెరిచే ఉంటుంది కాబట్టి గాలి ఆగదు. డెన్మార్క్ డిజైనరు పౌల్ హెన్నింగ్‌సెన్ 1920ల నుంచి జీవితమంతా పట్టుకున్నది ఈ ఒక్క సంగతే. ఎటు నుంచి చూసినా బల్బు కనిపించకూడదు, వెలుగు మాత్రం చేరాలి. ఆయన 1958 నాటి పీహెచ్ 5 దీపం పొరలు పొరలుగా ఉండేది అందుకే.

తిరుచానూరు_డిజైన్
హోల్డరు పైకి లేపితే చదివే పుస్తకానికి వెలుగు ఇంకా తగ్గదా?

వెలుతురు_లెక్క
కొంచెం తగ్గుతుంది. 9 వాట్ల బల్బు 900 ల్యూమెన్లు (మొత్తం వెలుగు) అనుకోండి. అన్ని వైపులా సమానంగా పోతే 72 క్యాండెలాలు (ఒక్కో దిక్కుకి పోయే వెలుగు). మీటరు దూరంలో 72 లక్స్, అర మీటరులో 286. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. చదవడానికి 300 కావాలి. మీ సోఫాలో పుస్తకం బల్బు నుంచి 80 సెం.మీ. దూరంలో ఉంటే దక్కేది 110. వాట్లు పెంచే బదులు లాంపుని దగ్గరికి తెండి, స్టూలు సోఫా చేతికి ఆనించి ఉండాలి. షేడు లోపలి పక్క తెల్లగా ఉంటే పక్కకి పోయే వెలుగు కొంత కిందకి మళ్ళుతుంది. మీ పీవీసీ షీటు పారదర్శకంగా ఉందా, పాల తెలుపా?

తిరుచానూరు_డిజైన్
పారదర్శకం. గుడ్డ వెనక్కి మడిచిన భాగం కూడా కనిపిస్తోంది.

వెలుతురు_లెక్క
పాల తెలుపు తీసుకోండి. మడత కనిపించదు, వెలుగు సమంగా పరుచుకుంటుంది, బల్బు ఎక్కడుందో గుడ్డ మీద మచ్చలా తెలియదు. అయినా ఒకటి తేల్చుకోవాలి మీరు. ఇది చదువుకునే దీపమా, హాల్లో మెత్తటి వెలుగు కోసమా? కలంకారీ షేడు గది కోసం. చదువుకి వేరే వంపు చేతి దీపం చేయండి. ఒకే లాంపుతో రెండూ చేయాలంటే 12 వాట్లు వేసి, అందరి కళ్ళూ నొప్పించి, చదువూ సరిగా సాగక...

ఆకారమే_అమ్ముతుంది
డబ్బా మీద ఏం రాస్తాం మరి? చదువుకి పనికిరాదు అని రాస్తామా?

వెలుతురు_లెక్క
హాలు దీపం, 9 వాట్లు, 3000 కెల్విన్ అని రాయండి. అబద్ధం రాయకపోతే వాపసులు రావు.

కరకంబాడి_ఎలక్ట్రికల్
డబ్బాలో పెట్టేముందు ఒక్కోటీ నాలుగు గంటలు వెలిగించి ఉంచండి, పోయే బల్బు చాలా వరకు అప్పుడే పోతాది. మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్తు పిన్ను నుంచి గొట్టానికి కంటిన్యుటీ (దారి తెగకుండా ఉండాదా అని) చూడాల. 500 ఓల్టుల మెగ్గరుతో (కరెంటు లీకు చూసే మీటరు) ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్తుకి చూస్తే 2 మెగా ఓమ్స్ కన్నా ఎక్కువ రావాల, మంచి వైరింగ్ అయితే దానికి ఎన్నో రెట్లు చూపిస్తాది. తడి ఆరని మట్టి స్టాండులో తక్కువ వస్తే ఆశ్చర్యపోవద్దు, ఎండబెట్టి మళ్ళా చూడండి. అమ్మే సరుకుకి బీఐఎస్‌లో ఏం వర్తిస్తాదో వాళ్ళ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకోండి, దీపాల ప్రమాణం ఐఎస్ 10322.

పలమనేరు_మట్టి
40 లాంపులకి 48 స్టాండ్లు చెప్పండి. కాల్చేటప్పుడు కొన్ని పోతాయి, రవాణాలో కొన్ని. స్టాండు, గ్రానైటు బిళ్ళ ఒకే డబ్బాలో బిగించి పంపొద్దు. బిళ్ళే స్టాండుని పగలగొడుతుంది. విడివిడిగా పెట్టి, ఇంటి దగ్గర నట్టు బిగించుకునేట్టు చేయండి.

కరకంబాడి_ఎలక్ట్రికల్
ఎర్తు వైరు ఉండే లాంపుని కొనేవాడి చేత విప్పించి బిగించడం ఒప్పుకోను. వైరు తిరగబడతాది.

పలమనేరు_మట్టి
అయితే బిగించే పంపండి, డబ్బాలో బిళ్ళ కదలకుండా దాని చుట్టూ థర్మాకోల్ గాడి ఉండాలి. డబ్బాలో డబ్బా, మధ్య అన్ని పక్కలా 5 సెం.మీ.

తిరుచానూరు_డిజైన్
సరే, రెండో నమూనాకి పెట్టుకున్నవి: 15 సెం.మీ. గ్రానైటు బిళ్ళ, కార్కు రింగు, వైరు అడుగు నుంచి 3 మీటర్లు, మూడు పిన్నులు, గొట్టం ఇంకో 4 సెం.మీ. పొడుగు, పాల తెలుపు షీటు, చేత్తో గీసిన 8 సెం.మీ. పట్టీ. కూజా ఆకారం అలాగే ఉంటుంది. కార్కు రింగు తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

ఏర్పేడు_చెక్క
రింగుగా దొరకదు. 3 మి.మీ. కార్కు షీటు తీసుకుని రెండు సర్కిళ్ళు కోసుకోవాలి. నోటీసు బోర్డులు చేసేవాళ్ళ దగ్గర అడగండి.

అలిపిరి_అరుగు
లోపల మిగిలిన బిళ్ళలు పారెయ్యొద్దు సామీ, కాఫీ గ్లాసుల కిందికి పనికొస్తాయి. లాంపుకి ఒకటి ఉచితం అని రాసుకో.